తిమ్మయ్య కూర్చోబెట్టిన బండ

విజిల్ ఊదలేని డ్రిల్లు మాస్టరు ఎక్కడైనా ఉంటాడా అని అడిగితే, బేతంచెర్ల పక్కనున్న మిషను బడిలో ఒకాయన ఉండేవాడు. పేరు దావీదురాజు. మెడలో నల్లతాడుకు ఇత్తడి విజిల్ వేలాడుతూనే ఉండేది గానీ దాన్ని నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు. పెట్టుకుంటే మొదటి కూతకే దమ్ము ఎగదన్నేది. అందుకని చప్పట్లు కొట్టి పిల్లల్ని వరుసలో నిలబెట్టేవాడు. చప్పట్లకు పిల్లలు ఎంత బుద్ధిగా నిలబడతారో చెప్పనక్కర్లేదు. ఊళ్ళో ఆయనకు చప్పట్లయ్యవారు అని పేరు పడిపోయింది. ఎదురుగా అనకపోయినా వెనక అనుకునేది ఆయన చెవిన పడుతూనే ఉండేది, పడినప్పుడల్లా తల కొట్టేసినట్టు ఉండేది.

ఆ ఉబ్బసపు దమ్ము తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి. తండ్రి దాసన్న నాపరాతి గనుల్లో బండలు తీసినవాడు. ఆ తెల్లటి దుమ్ము మనిషి బతికున్నంతకాలం ఒంటిమీద ఉంటుంది, ఆ తర్వాత కూడా లోపల ఉంటుంది. పడుకుంటే ఊపిరాడక దాసన్న ఆఖరి రోజుల్లో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కూర్చునే పోయాడు. కొడుకును మిషను వాళ్ళు తీసుకుని చదివించారు. మద్రాసు పంపి డ్రిల్లు పరీక్ష పాసు చేయించారు. సముద్రపు గాలికి అక్కడ దమ్ము అణిగి ఉండి ఎవరికీ తెలియలేదు, తిరిగొచ్చి దుమ్ములో కాలు పెట్టగానే అది బయటికొచ్చింది. అయినా మిషను వాళ్ళు ఏమీ అనకుండా బడిలో ఉద్యోగం ఇచ్చారు, ఉండడానికి రెండు గదుల ఇల్లు ఇచ్చారు, ఆయన భార్య జ్ఞానమణిని చిన్నపిల్లల తరగతికి పంతులమ్మగా పెట్టుకున్నారు. తిండీ, గుడ్డా, నీడా, దేవుడూ అన్నీ ఒకే చేతిమీదుగా అందుకునే మనిషికి ఆ చేతిని చూస్తే ఎంత భయం ఉంటుందో దావీదురాజుకు అంత భయమూ ఉండేది.

యాభై ఒకటో సంవత్సరం మొదట్లో, చలి ఇంకా పోకముందే, ఒక పొద్దున ఆయన కర్నూలు పెద్దాసుపత్రికి పోదామని బేతంచెర్ల స్టేషనుకు వచ్చాడు. రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీదనే దమ్ము పట్టుకుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగిపోయి, నోరు తెరుచుకుని గాలి కోసం పెనుగులాడుతూ నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు తమ మూటలు ఎత్తుకుని దూరంగా జరిగారు. క్షయేమో అన్నారెవరో.

అప్పుడొచ్చాడు తిమ్మయ్య. ఆ స్టేషనులో పోర్టరు. దీపాలు తుడవడం, సిగ్నలు దించడం, గంట కొట్టడం ఆయన పని. ఆలూరు దిక్కు మనిషి. బట్టతల, పొట్టిగా గట్టిగా ఉండే ఒళ్ళు, మోచేతుల దగ్గర చిరిగిన నీలం చొక్కా. వచ్చి, ఏమీ అడక్కుండా దావీదురాజు చంకల కింద చేతులు వేసి, దీపాల గది వెనక్కు నడిపించుకుపోయి అక్కడ పరిచి ఉన్న ఒక నాపబండ మీద కూర్చోబెట్టాడు. ఆ బండ తిమ్మయ్యది. రోజూ దానిమీదనే ఆసనాలు వేసుకుంటాడు, దానిమీదనే అన్నం తింటాడు. దావీదురాజు ఏ పేటలోంచి వచ్చినవాడో ఆ స్టేషనులో అందరికీ తెలుసు. ఎదుటి టీ అంగట్లో ఆయనకు గ్లాసు వేరే ఉండేది. అందుకే ఊపిరాడని ఆ స్థితిలో కూడా ఆయన బండ మీదినుంచి లేవబోయాడు. తిమ్మయ్య భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

“పీల్చేదానికి పాకులాడొద్దు అయ్యవారూ,” అన్నాడు. “లోపల ఉండేదంతా ముందు ఇడువు. ఖాళీ అయితే గాలి అదే వస్తాది.”

అంతలో రావలసిన రైలు వచ్చింది. దావీదురాజు ఎక్కలేకపోయాడు. రైలు కదిలినప్పుడు తిమ్మయ్య ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టి, బండి పోయే చప్పుడు వినపడినంత సేపూ గాలి వదులుతూనే ఉండమన్నాడు. మొదట ఇంజను స్టేషను దాటకముందే ఆయన ఊపిరి అయిపోయింది. ఇంకో బండి వచ్చేదాకా కూర్చోమన్నాడు తిమ్మయ్య. మధ్యాహ్నానికి దావీదురాజు ఆసుపత్రికి పోకుండానే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

మరుసటి రోజు నుంచి తెల్లవారుజామున పాసెంజరు వెళ్ళిపోయాక ఆయన దీపాల గది వెనక్కు చేరేవాడు. తిమ్మయ్య నేర్పే పద్ధతి రైలు పద్ధతే. పోయే బండితో గాలి వదలాలి. వచ్చే బండి చప్పుడు దూరాన మొదలైనప్పుడు నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టాలి. బండి స్టేషనులో ఆగి ఉన్నంతసేపు ఊపిరి కూడా ఆగాలి. గూడ్సు బండి ఆగితే మాత్రం ఆపొద్దు, అది ఎప్పుడు కదులుతుందో రైల్వే వాళ్ళకే తెలీదు అని నవ్వేవాడు. ఒళ్ళు వంగే కొద్దీ ఆసనాలు కూడా ఒక్కటొక్కటే నేర్పాడు.

తిమ్మయ్యకు ఇదంతా ఎక్కడిదంటే, ఎప్పుడో ఒక ముసలి బైరాగి శ్రీశైలం పోతూ టికెట్టు లేక ఈ స్టేషనులో దిగబడ్డాడు. కాలికి పుండు. తిమ్మయ్య ఆయన్ను దీపాల గదిలో దాచి, వానాకాలమంతా అన్నం పెట్టాడు. బైరాగి తన దగ్గరున్నది తాను ఇచ్చి వెళ్ళాడు. అంతకు మించి తిమ్మయ్యకు ఏ కథా లేదు.

దావీదురాజు ఒకరోజు మొహమాటపడుతూ తాను ఏమివ్వాలని అడిగాడు. తిమ్మయ్య దీపపు చిమ్నీ తుడుస్తూ ఆలోచించాడు.

“నాకు దండం పెట్టొద్దు. మీ దేవుడు మీకుండాడు. నువ్వు ఎవురికన్నా చెప్పిచ్చేటప్పుడు ముందు నా పేరు చెప్పు, సాలు. ఆ బైరాగి నాకు అట్లనే చెప్పినాడు.”

పేరు ఎందుకని అడిగాడు దావీదురాజు.

“నేర్పిండేదాంట్లో తప్పుంటే ఎవుర్ని తిట్టల్లో జనానికి తెలియల్ల గదప్పా,” అన్నాడు తిమ్మయ్య.

వేసవి సెలవులు అయ్యి బడి తెరిచిన రోజు దావీదురాజు విజిల్ ఊదాడు. పిల్లలు ఎవరో కొత్త మాస్టరు వచ్చాడనుకుని చుట్టూ చూశారు. జ్ఞానమణి తన తరగతిలోంచి బయటికొచ్చి వాకిట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆయన డ్రిల్లు పీరియడులో పిల్లలకు ఊపిరి నేర్పడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు గనుల్లో పనిచేసే ఆడామగా కూడా వచ్చి బడి వరండాలో కూర్చునేవాళ్ళు. అందరికంటే ముందు వచ్చేది విశ్వాసమ్మ. బండల ముక్కలు ఏరే పని ఆమెది, మెట్టెక్కితే ఆయాసపడేది, రెండు నెలలకు తలమీద కడవతో బావిగట్టు ఎక్కి దిగింది. మొదలుపెట్టే ముందు దావీదురాజు ప్రతిసారీ చెప్పేవాడు, ఇది బేతంచెర్ల స్టేషను తిమ్మయ్య నాకు నేర్పింది అని. పిల్లలు కూడా ఆయనతోపాటు రాగం తీసి అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఆయన నడకే మారిపోయింది.

ఆ సంతోషం గాబ్రియేలు కంట పడింది. గాబ్రియేలు గనిలో మేస్త్రీ, చర్చి సంఘంలో పెద్ద. చెడ్డమనిషి అనడానికి లేదు. దాసన్న పోయినప్పుడు శవపెట్టె చేయించింది ఆయనే. కాకపోతే సంఘం గోడకు ఎక్కడ పగులు వచ్చినా ముందు తన వేలే అందులో పెట్టి చూడాలనే రకం. బడి వరండా తూర్పు ముఖంగా కట్టి ఉంది, అక్కడ కూర్చున్నవాళ్ళు తూర్పుకు తిరిగి కళ్ళు మూసుకుంటున్నారు, సూర్యుడికి మొక్కుతున్నారని ఆయన లెక్క. సాయంత్రం పూట సూర్యుడు పడమట ఉంటాడన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. పైగా మొదలుపెట్టే ముందు ఒక హిందువు పేరు జపిస్తున్నారు.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఎవరిమీదనైనా మాట వస్తే, ఆరాధన అయ్యాక వాళ్ళు ప్రభువు బల్ల ముందు నిలబడి అందరూ వినేలా జవాబు చెప్పాలి. మాట తేలేదాకా వాళ్ళకు రొట్టె, రసం ఇవ్వరు. బల్లకు దూరమైన మనిషిని పెళ్ళిళ్ళకు పిలవరు. బడిలో పిల్లలకు పాఠం చెప్పనిస్తారా అన్నది కూడా అనుమానమే. ఒక ఆదివారం దావీదురాజు పేరు పిలిచారు.

ఆయన లేచి నడిచి బల్ల ముందు నిలబడ్డాడు. ముందు వరుసలో తన బడి పిల్లలు చాపమీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళ వైపు జ్ఞానమణి, ఆమె వెనక విశ్వాసమ్మ. పాస్టరు అయ్యగారు నెమ్మదస్తుడు, గొడవ తొందరగా ముగిస్తే చాలనుకునే మనిషి. ఆయన ఏదో సర్దుబాటుగా అడగబోతుంటే గాబ్రియేలు లేచాడు.

“స్టేషన్లో ఉండే తిమ్మయ్య కాడ నేర్చుకున్యానని నువ్వే పిల్లోళ్ళకు చెప్తాండావంట. నిజమేనా దావీదూ?”

అవును అనే మాట ఎంత చిన్నది! ఆయన నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణాన ఆయనకు కనపడింది ఆ రెండు గదుల ఇల్లు. జ్ఞానమణి జీతం కనపడింది. గోడకు ఆనుకుని కూర్చున్న తండ్రి కనపడ్డాడు.

“అది మద్రాసులో నేర్పిన డ్రిల్లేనయ్యా,” అన్నాడు. అంతటితో ఆగి ఉంటే కొంత నయం. ఆగలేదు. “తిమ్మయ్య దీపాలు తుడిచేటోడు. ఆయప్పకేం తెలుసు, నాకు నేర్పేదానికి?”

మగవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు విని దావీదురాజు తనూ కొద్దిగా నవ్వాడు. చాపమీది పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళు ఆ పేరు రోజూ రాగం తీసి అన్నవాళ్ళు. విశ్వాసమ్మ తల వంచుకుంది. ఆయన సిగ్గు అక్కడే మొదలైంది. తన వల్ల ఎదుటివాళ్ళు సిగ్గుపడితే పుట్టే సిగ్గు, తనంతట తనకు పుట్టిన సిగ్గుకంటే లోతుగా దిగుతుంది.

గాబ్రియేలుకు ఆ జవాబు సరిపోలేదు. మరునాడు పాస్టరు అయ్యగారిని, దావీదురాజును వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళాడు. ఆ మనిషినే అడిగితే పోలేదా అన్నాడు. దారి పొడవునా దావీదురాజు ఏ దేవుణ్ణి ఏమని మొక్కుకున్నాడో ఆయనకే తెలియాలి. తిమ్మయ్య సెలవులో ఉంటే బాగుండుననుకున్నాడు. తిమ్మయ్య దీపాల గది ముందు కూర్చుని వత్తులు కత్తిరిస్తున్నాడు. దావీదురాజును చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఆ వెనక ఉన్న ఇద్దర్నీ చూసి, తిరిగి దావీదురాజు ముఖం చూశాడు. దావీదురాజు సిగ్నలు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఈ మాస్టరుకు నువ్వు యోగాసనాలు నేర్పినావా అని గాబ్రియేలు అడిగాడు.

తిమ్మయ్య కత్తెర కింద పెట్టాడు.

“నాకేం తెలుసప్పా,” అన్నాడు. “జెండా ఊపేది, దీపాలు తుడిచేది. ఈ అయ్యవారు మద్రాసులో సదువుకొచ్చినోడు. నా కాడ ఏం నేర్చుకుంటాడు?”

నిన్న చర్చిలో దావీదురాజు అన్న మాటే, దాదాపు అవే అక్షరాలతో. తిమ్మయ్యకు ఎవరూ చెప్పి ఉండరు. ఆయన తనంతట తానే అక్కడికి చేరుకున్నాడు. గాబ్రియేలు అంతటితో వదలక, గది వెనక పరిచిన ఆ బండ ఏమిటని అడిగాడు. బట్టలుతుక్కునే బండ అన్నాడు తిమ్మయ్య. పాస్టరు అయ్యగారు ఇక చాలన్నట్టు తల ఊపారు. గాబ్రియేలు తిమ్మయ్యకు బీడీ ఇవ్వబోతే, అలవాటు లేదని చెప్పి మళ్ళీ వత్తుల పనిలో పడ్డాడు. దావీదురాజు ఆదివారం బడిలో పిల్లలకు, గురువును ఎరగనని బొంకి కోడి కూయగానే ఏడ్చిన పేతురు కథ ఎన్నోసార్లు చెప్పినవాడు. ఇక్కడ కోడి ఏదీ కూయలేదు, గూడ్సు బండి కూసింది. ఏడవడానికి మాత్రం ఆయనకు చోటు దొరకలేదు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య నడుస్తూ ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆయనకు రొట్టె ఇచ్చారు. నోట్లో పెట్టుకుంటే అది ఎంతకీ మింగుడు పడలేదు. ఆ సాయంత్రం వరండాలో జనం చేరారు. ఆయన నిలబడ్డాడు గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

“ఇంగ ఎవురి పేరు చెప్పుకోవల్ల అయ్యవారూ?” అని విశ్వాసమ్మ అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు, తెలియకనే అడిగింది.

ఎవరి పేరూ వద్దన్నాడాయన. ఆనాటి నుంచి ఆసనాలకు ఇంగ్లీషు అంకెలు వచ్చాయి. ఒన్ అంటే పీల్చాలి, టూ అంటే వదలాలి. గాబ్రియేలు ఒకసారి వచ్చి చూసి ఇది బాగుందన్నాడు.

దావీదురాజు స్టేషను మొహం చూడడం మానేశాడు. ఎక్కడికైనా పోవలసి వస్తే ఎండలో పక్క స్టేషనుదాకా నడిచి అక్కడ రైలెక్కేవాడు. బేతంచెర్లలో బండి ఆగినంతసేపు కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎందుకింత తిరుగుడని జ్ఞానమణి అడిగితే నడిస్తే ఒంటికి మంచిదన్నాడు. ఆమె ఆ చర్చిలో ఉన్న మనిషే, ఆమెకు తెలియనిదేమీ లేదు. ఇంకేమీ అడగలేదు. భార్య అడగకపోవడం కూడా ఆయనకు ఒక శిక్షలాగే ఉండేది.

స్టేషను చూడకుండా ఉండొచ్చు గానీ వినపడకుండా ఎలా? బడికి రైలు చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పోయే బండి చప్పుడు చెవిన పడగానే ఆయన ప్రమేయం లేకుండానే ఆయన ఊపిరి నెమ్మదిగా బయటికి వచ్చేది. చివరి చప్పుడు మాసిపోయేదాకా వదులుతూనే ఉండేవాడు. వీపు మీద అరచెయ్యి ఉన్నట్టే అనిపించేది. తనకు మళ్ళీ దమ్ము వస్తుందని ఎదురుచూశాడు. రావాలనే కోరుకున్నాడు. వస్తే లెక్క సరిపోతుందనుకున్నాడు. చలికాలాలు వచ్చాయి, పోయాయి. గనుల దుమ్ము ఎప్పటిలాగే ఎగిరింది. దమ్ము మాత్రం తిరిగి రాలేదు. తిమ్మయ్య నేర్పింది అంత గట్టిది. తనను తెలియదన్న మనిషికి కూడా అది మేలే చేసుకుంటూ పోయింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అక్కడ బడిపిల్లల ఉత్సవం జరిగింది. ఊరంతా డేరాలే. ఆఫీసులూ డేరాల్లోనే, ఆఫీసర్లూ డేరాల్లోనే. దావీదురాజు తన పిల్లల్ని తీసుకెళ్ళి ఆసనాలు వేయించాడు. గనుల పిల్లలు అంత తేలిగ్గా ఒళ్ళు వంచుతుంటే జనం లేచి నిలబడి చూశారు. ఒక పెద్ద ఆఫీసరు ఆయన మెడలో చామంతుల దండ వేసి, మీ గురువుగారు ఎవరని అడిగాడు.

తిమ్మయ్య గారు అన్నాడు దావీదురాజు. పోర్టరు అనే మాట గొంతులోనే ఉండిపోయింది. మైకు దగ్గరున్న మనిషి ఊరికే ఉండక, శ్రీశైలం అడవుల్లో ఏళ్ళ తరబడి తపస్సు చేసిన తిమ్మయ్య యోగీశ్వరుల శిష్యులు అని తన సొంత కవిత్వం కలిపి చాటాడు. చప్పట్లు మారుమోగాయి. దావీదురాజు సరిదిద్దలేదు. అయినా పేరు చెప్పాను కదా, వందలమందిలో చెప్పాను కదా అనుకున్నాడు. గుండెల మీది బరువు కొంత దిగినట్టే ఉంది. తిరుగు ప్రయాణంలో, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, బేతంచెర్లలోనే దిగి, పిల్లల్ని ముందు నడవమన్నాడు.

తిమ్మయ్య దీపాల గది వెనక గుడ్డల మూట కట్టుకుంటున్నాడు. ఆ నెలాఖరుకు ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడట. ఆలూరులో కూతురు దగ్గరికి పోతాడట. ఒళ్ళు కొంచెం చిక్కింది. దావీదురాజును చూసి నిన్ననే కలిసి విడిపోయినట్టు కూర్చోమన్నాడు. దావీదురాజు బండ మీద కూర్చోలేదు, ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కర్నూలులో జరిగిందంతా చెప్పాడు. దండ చూపించాడు. తపస్సు సంగతి వినేసరికి తిమ్మయ్య పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక దండను చేత్తో తడిమి చూసి తిరిగి ఇచ్చాడు.

“కర్నూల్లో నన్ను తిట్టేటోళ్ళు ఎవురుండారప్పా?” అన్నాడు. “పేరు చెప్పల్సింది మాటలు పడే కాడ. దండలేసే కాడ ఎవురైనా చెప్తారు.”

కోపంగా అనలేదు. సిగ్నలు ఎక్కడ దించాలో కొత్తవాడికి చెప్పినట్టు చెప్పాడు. దావీదురాజు తల ఎత్తలేకపోయాడు. ఆ పొద్దు నువ్వెందుకు అబద్ధం చెప్పినావు తిమ్మయ్యన్నా అని మాత్రం అడిగాడు.

“నీ మొగం సూసి. ఇంగొగ మాట అడిగింటే నీకు దమ్ము వచ్చేటట్లుండె.”

దావీదురాజుకు అప్పుడర్థమైంది. తాను సిగ్నలు వైపు చూస్తూ తన ఉద్యోగం గురించి భయపడుతున్నప్పుడు ఈ మనిషి తన ఊపిరి చూస్తున్నాడు. తనను కాదన్న నోటిని వదిలేసి, ఆ నోట్లోకి గాలి అందుతోందా లేదా అన్నది చూశాడు. దావీదురాజు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తిమ్మయ్య మూట కట్టడం పూర్తి చేసుకున్నాడు, ఆయన్ను ఏడవనిచ్చాడు.

చాలాసేపటికి దావీదురాజు ఆ బండ తనకిస్తావా అని అడిగాడు. తీసుకపో, బట్టలుతుక్కునే బండ గదా అన్నాడు తిమ్మయ్య. అన్నప్పుడు ఆయన కళ్ళల్లో చిన్న నవ్వు ఉంది. ఆ నవ్వు దావీదురాజును కొరడాతో కొట్టినంత పని చేసింది. గనుల ఎడ్లబండి ఒకటి ఖాళీగా పోతుంటే దానిమీద ఎక్కించుకుని, ఊరి నడివీధిలోంచే ఇంటికి తెచ్చుకున్నాడు. బండలు పండే ఊరికి ఒక్క బండ మోసుకొచ్చిన మనిషిని చూసి దారిలో అందరూ నవ్వారు. అదేం బండ అయ్యవారూ అని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకే జవాబు చెప్పాడు. తిమ్మయ్య బండ.

ఆ ఆదివారం ఎవరూ పిలవకుండానే ఆయన లేచి బల్ల ముందుకు నడిచాడు. ముందు రోజు రాత్రే జ్ఞానమణికి చెప్పాడు, ఇల్లు పోవచ్చని. పోతే పోనీ, గనులున్నాయి కదా, రాళ్ళు ఏరుకుందాం అంది ఆమె.

“నాకు ఊపిరి నేర్పింది బేతంచెర్ల స్టేషను పోర్టరు తిమ్మయ్య,” అన్నాడు. “తన బండ మీద నన్ను కూర్చోబెట్టుకోని నేర్పినాడు. ఈడనే నిలబడి, ఆయనకేం తెలుసన్న్యా. అది అబద్ధం.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరు అయ్యగారు, అలా నేర్చుకున్నందుకు పశ్చాత్తాపపడుతున్నావా అని అడిగారు. అవునంటే అక్కడితో తీరిపోయేది. పశ్చాత్తాపం ఉందయ్యా, నేర్చుకున్నందుకు కాదు అన్నాడు దావీదురాజు.

ఆయన్ను బల్లకు దూరం పెట్టారు. ఉద్యోగం పాస్టరు అయ్యగారి మంచితనం వల్ల నిలిచింది, కానీ బడి వరండాలో ఆసనాలు ఆపించారు. బడిలో విజిలూ డ్రిల్లూ వరకే. రొట్టె పంచే ఆదివారాల్లో ఆయన చివరి చాపమీద ద్వారం దగ్గర కూర్చునేవాడు. పళ్ళెం ఆయన ముందునుంచి ఆగకుండా వెళ్ళిపోయేది. పిల్లలు తిరిగి తిరిగి చూసేవాళ్ళు. అందరి ఎదుటా పడే ఆ సిగ్గు ఎంతో తేలికని ఆయనకు అనిపించేది. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మూడేళ్ళ సిగ్గు ముందు అది ఏపాటిది?

ఈ సంగతి తిమ్మయ్యకు తెలిసిందో లేదో చెప్పలేం. అప్పటికే ఆలూరు వెళ్ళిపోయాడు. పోయి చెప్పి రారాదా అని జ్ఞానమణి అంది. దావీదురాజు బయలుదేరినట్టే బయలుదేరి ఆగిపోయాడు. పనిగట్టుకుని పోయి చెప్పుకుంటే అది మళ్ళీ కర్నూలు మాటే అవుతుందన్నాడు. ఆ తర్వాత ఆయన తిమ్మయ్యను చూడలేదు.

ఇంటి పెరట్లో, పడమటి వైపు ఆ బండ పరిచాడు. గనుల పని అయ్యాక జనం ఒకరిద్దరుగా అక్కడికి రావడం మొదలైంది. సంఘం వాళ్ళలో కొందరు మానేశారు. విశ్వాసమ్మ మానలేదు. దమ్ముతో వచ్చిన కొత్త మనిషిని ఎవరినైనా సరే, ఏ పేటవాళ్ళనైనా సరే, ముందు ఆ బండ మీదనే కూర్చోబెట్టేవాడు. మొదలుపెట్టే ముందు ఆయన నిలబడి, ఇది నాకు బేతంచెర్ల స్టేషను పోర్టరు అని అనేవాడు. అక్కడికి వచ్చేసరికి గొంతు పట్టేసేది. అంతమందికి ఊపిరి నేర్పిన మనిషికి ఆ ఒక్క పేరు పలకడానికి ఊపిరి చాలేది కాదు. ఏళ్ళు గడిచినా అది అలవాటు కాలేదు. జనం ఓపిగ్గా ఆగేవాళ్ళు. ఆయన ఒకసారి గాలంతా వదిలేసి, మళ్ళీ పీల్చుకుని, తిమ్మయ్య నేర్పింది అని ముగించేవాడు. ఆ తర్వాత సాయంత్రపు బండి కదిలే చప్పుడు కోసం అందరూ కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు.